లాక్‌స్క్రీన్ మీది డ్యూటీ

ఛార్జింగ్ రంధ్రంలోకి సూది మొన దించి, పక్కకి వంచి, మెల్లగా పైకి లాగాడు. బూడిదరంగు నూగు పోగు ఒకటి పురుగులా మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. దాన్ని కాగితం మీద పెట్టి మళ్లీ సూది దించాడు. ఇంకో పోగు. దాని వెనక ఇంకోటి. ఎవరో పనిగట్టుకుని దట్టించినట్టుంది లోపల.

“ఏంటమ్మాయ్, ఈ ఫోన్‌ని పరుపులో పెట్టి కుట్టారా?” అన్నాడు తలెత్తకుండా.

బల్లకి అవతల స్టూలు మీద కూర్చున్న పిల్ల నవ్వలేదు. “లాండ్రీలో పని మాస్టారూ. దుప్పట్ల నూగు. గాల్లోనే ఉంటుంది అక్కడ, బట్టలకి పట్టి జేబుల్లోకి వచ్చేస్తుంది.” స్టూలు ముందుకి లాక్కుని, “అది మా అక్క ఫోను,” అంది.

“అయితే మీ అక్కకి చెప్పు. అప్పుడప్పుడూ తెచ్చి తీయించుకోమను. సూదితో తనే పొడుచుకుందనుకో, లోపలి పిన్ను వంగిపోతుంది. ఆ తర్వాత నా వల్ల కూడా కాదు.”

“చెప్పడానికి అక్క లేదండీ.”

సూది ఆగింది. అతను కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి మొదటిసారి ఆ పిల్ల మొహం చూశాడు. ఎక్కడో చూసిన మొహమే. అతనికి ఫోన్లు గుర్తుంటాయి గానీ మనుషులు గుర్తుండరు. ముందు గదిలో ప్రింటర్ దగ్గరున్న భార్యే అందుకుంది.

“నువ్వు అద్దం పగిలిన ఫోన్ అమ్మాయివి కదూ? రేపు రమ్మన్నాక మళ్లీ రానే లేదు. ఏమైపోయావే అనుకుంటున్నాం.” మాట పూర్తయ్యాక గానీ లోపలి సంభాషణ ఆమెకి తట్టలేదు. నాలిక్కరుచుకుంది.

“నీ ఫోన్ సొరుగులోనే ఉందమ్మా,” అన్నాడతను. “ముందు దీని సంగతి చూద్దాం.”

“చూడండి. కానీ రేపు రా అనకండి మాస్టారూ. రేపు పొద్దున్నే విచారణ.”

వీధిలో అతన్ని అందరూ రేపు మాస్టారంటారు. ఏ ఫోన్ తెచ్చినా, ఎంత చిన్న పనైనా, అతని నోట మొదట వచ్చేది ‘రేపు రా’. పని రాకా కాదు, బద్ధకమూ కాదు. అద్దం మారిస్తే జిగురు ఆరాలంటాడు. బ్యాటరీ వేస్తే ఒక రాత్రి నిండా ఎక్కి, ఒక పగలంతా నెమ్మదిగా దిగితేగానీ అది బతికినట్టు కాదంటాడు. సందు చివర కొత్త షాపు కుర్రాళ్లు కస్టమర్ టీ తాగి వచ్చేలోపు పని చేసిచ్చేస్తారు. అలా ఇచ్చినవి కొన్నాళ్లకి అంచు లేచిపోయి ఇతని బల్ల మీదకే వస్తాయి. అప్పుడు కూడా ఆ షాపుని ఒక్క మాట అనడు. అంచు గోకి, పాత జిగురు తుడిచి, కొత్తది పూసి, చుట్టూ క్లిప్పులు బిగించి, సొరుగులో పెట్టి, రేపు రా అంటాడు.

ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. వయసులో ఉన్నప్పుడు పాత సామాన్ల కొట్టులో మూటలు మోసేవాడు. అక్కడ కుప్పలో పడున్న రేడియోలు విప్పి, ఏ ముక్క పీకితే ఏ చప్పుడు ఆగిపోతుందో చూసి చూసి పట్టుకున్న పని ఇది. సోల్డరింగ్ వేడికి కాలి కాలి అతని చూపుడువేలి కొస చెక్కలా తయారైంది. ఏ ఫోనూ ఆ వేలిముద్ర తీసుకోదు. మెట్ల కింద గది అతనిది, గుమ్మం దగ్గర ప్రింటర్ భార్యది. దరఖాస్తులు, ఫొటోలు, టిక్కెట్లు ఆవిడ చూసుకుంటుంది. ఈ కొట్లో చేతులు ఒకరివి, నోరు ఇంకొకరిది అని ఇంటి ఓనరు ఎగతాళి చేస్తాడు.

నూగు తీయడం అయ్యాక బ్రష్‌తో తుడిచి, సిమ్ ట్రే బయటికి లాగి పక్కన పెట్టి, అప్పుడు వైరు గుచ్చాడు. సిమ్ ఎందుకు తీశారని అడిగింది పిల్ల.

“బయటినుంచి ఏదీ లోపలికి రాకూడదు. ఆన్ అవగానే ఎవరైనా ఏదైనా చెరిపేస్తే మనం చూస్తూ కూర్చోవాలి. దీంట్లో ఏముందో అలాగే ఉండనీ.” తెర మీద బ్యాటరీ బొమ్మ వెలిగింది. “పది నిమిషాలు పడుతుంది. ఈలోగా చెప్పు. దేనికోసం వెతకాలో నాకు తెలియాలి.”

ఆ పిల్ల చెప్పింది. ఏడవకుండా, ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో చెప్పింది.

అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే లాండ్రీ. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు బస్తాల్లో వస్తాయి. పేర్లతో ఎవరూ పిలవరు. వీళ్లిద్దర్నీ పెద్ద, చిన్న అంటారు. సూపర్‌వైజర్‌ని మాత్రం అందరూ చాటుగా ఈల అంటారు. పిలవాల్సి వస్తే నోరు తెరవడు, ఈల వేస్తాడు. మర్నాడు ఎవరు ఏ పని చెయ్యాలో రాత్రి ఫోన్ గ్రూపులో పెడతాడు. పొద్దున అందరూ లోపలికి వెళ్లాక అది చెరిపేస్తాడు. ఎప్పుడైనా తేడా వస్తే, నేనలా చెప్పలేదే అంటాడు. అందుకని అందరూ రాత్రే దాన్ని స్క్రీన్‌షాట్ కొట్టి లాక్‌స్క్రీన్ మీద పెట్టుకుంటారు. గేటు దగ్గర ఫోన్లు పెట్టెలో వేసెయ్యాలి. వేసేముందు పక్క బటన్ నొక్కి ఒక్కసారి చూసుకుని లోపలికి పోతారు. ఎప్పట్నుంచో అదే అలవాటు.

“మూడో డ్రయ్యర్ వెనక నూగు పడే గూడు ఉంటుంది. మనిషి వంగి దూరాలి. మిషన్ ఆపి, చల్లారాక దూరాలి. ఆ రోజు ఆపలేదు. అక్క లోపలుండగా నూగుకి నిప్పంటుకుంది.” ఆ పిల్ల కాగితం మీది బూడిదరంగు కుప్పకేసి చూసి చూపు తిప్పుకుంది. “ఇదే. ఇది పెట్రోలు కంటే తొందరగా అంటుకుంటుంది మాస్టారూ.”

ముందు గదిలో ప్రింటర్ చప్పుడు ఆగిపోయింది.

“ఎవరూ చెప్పకుండా తనంతట తానే దూరిందని రాశారు లాండ్రీవాళ్లు. ఆ మర్నాడే ఈల అందర్నీ వరసలో నిలబెట్టి, ఫోన్లు తీయించి, డ్యూటీ స్క్రీన్‌షాట్లన్నీ తన కళ్లముందే చెరిపించాడు. చెత్తబుట్టతో, గ్రూపు చాట్‌తో సహా. నా దగ్గర ఫోనే లేదుగా, నన్ను వదిలేశాడు. అక్కది గేటు పెట్టెలో చచ్చిపడుంది. చెప్పులు, లంచ్ బాక్సు, ఈ ఫోను కవర్లో చుట్టి ఇంటికి పంపించారు. ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా ఎక్కలేదు.”

“ఇంట్లో ఎవరుంటారమ్మా?” అంది భార్య గుమ్మంలోంచి.

“అమ్మ. రోజూ అక్కనే తిడుతోంది పిన్నిగారూ. ‘ఎవరు దూరమన్నారే నిన్ను, అంత బుద్ధిలేకుండా ఎలా పెంచానే’ అని ఫొటోని పట్టుకుని తిడుతోంది. విచారణకి వచ్చి అక్కడ కూడా అదే మాట అంటుందేమోనని నా భయం. ఈల చెప్పాడని చూపించాలి. ఈల చెప్తేనే వెళ్లిందని. అంతే నాక్కావాల్సింది.”

ఫోన్ వెలిగింది.

లాక్‌స్క్రీన్ మీద నల్లటి అక్షరాలు. పైన గడియారం అంకెలు, దాని కింద:

మూడో డ్రయ్యర్ వెనక నూగు తియ్యాలి.
మిషన్ ఆపొద్దు. బస్తాలు వచ్చేలోపు అయిపోవాలి.

ముగ్గురూ దాన్ని చదివారు. ఆ పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. “చూశారా! చెప్పాడు! ఆపొద్దని కూడా చెప్పాడు!”

అతను మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నాడు. “ఎవరు చెప్పారని లేదమ్మా ఇందులో. ఎప్పుడు చెప్పారని లేదు. పైనా కిందా కత్తిరించేసింది మీ అక్క. ఇది చూపిస్తే, ఎవరైనా టైపు చేసుకోవచ్చు కదా అంటారు. లోపలికి వెళ్లాలి. లాక్ తెలుసా నీకు?”

“వేలిముద్ర కాదు. బ్లీచింగ్‌కి అరిగిపోయాయి అక్క వేళ్లు, ఫోన్ తీసుకునేది కాదు.”

“నాదీ తీసుకోదు.”

“చుక్కల మీద గీత గీసేది. రోజూ చూసేదాన్ని. ఇలా కిందకొచ్చి, పక్కకెళ్లి...” అంటూ ఫోన్ తీసుకుని గీసింది. తప్పు. మళ్లీ గీసింది. తప్పు.

అతను ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగు. ఇలా తప్పుతూ పోతే గంటలకొద్దీ బిగుసుకుపోతుంది. కొన్నయితే మొత్తం చెరిపేసుకుంటాయి కూడా. ఎక్కడ కూర్చుని చూసేదానివి?”

“బస్సులో.”

“పక్క సీటా?”

“కాదండీ. ఎదురెదురు సీట్లు మావి.”

అతను ఫోన్ని బల్ల మీద తలకిందులుగా తిప్పి ఆమె ముందుకి జరిపాడు. “ఇప్పుడు మీ అక్క నీ ఎదురుగా కూర్చుంది. చూసింది చూసినట్టు గియ్యి. ఆలోచించకు.”

ఆ పిల్ల గీసింది. ఫోన్ తెరుచుకుంది.

అతను నేరుగా సెట్టింగుల్లోకి వెళ్లి, పాత స్క్రీన్‌షాట్లని తనంతట తానే ఊడ్చేసే ఏర్పాటు ఏదైనా ఉందేమో చూశాడు. ఉంది. నెల దాటినవాటిని చెత్తబుట్టలో వేసి, ఆపైన అక్కడినుంచి కూడా తీసేస్తుంది. ఫోన్ చచ్చిపడి ఉండబట్టి ఆ చీపురు పనిచెయ్యలేదు. ముందది ఆపేశాడు. ఆ తర్వాతే ఫొటోలు తెరిచాడు.

ఎవరి స్క్రీన్‌షాట్లు చూసినా అతనికి ఒకటే అనిపిస్తుంది, ఇల్లు ఊడ్వనివాడి మంచం కింద చూసినట్టు. అయిపోయిన టిక్కెట్లు, ఎప్పటివో ఓటీపీలు, ఎందుకు తీశారో తీసినవాళ్లకే తెలియనివి. ఈమెది అలా లేదు. ఒక్కో పనికి ఒక్కో ఆల్బమ్. ‘బస్సు’ అని ఒకటి. ‘అమ్మ కళ్లు’ అని ఒకటి, అందులో చుక్కల మందు పేర్లు. ‘చిన్నకి ఆయాసం’ అని ఇంకోటి, అందులో పీల్చే మందు బొమ్మ, అది దొరికే దుకాణం దారి. ‘కొనాలి’ అనే దాంట్లో ఒక జత బూట్లు మాత్రమే ఉన్నాయి. ఒకే జత, పది దుకాణాల్లో.

“ఇన్ని చోట్ల వెతికి ఎక్కడా కొనలేదు చూడు,” అంది భార్య, అతని భుజం మీంచి తొంగి చూస్తూ. ఎవరో తెలిసినామె గురించి విసుక్కున్నట్టే అంది.

“అవి నాకోసం,” అంది పిల్ల.

‘డ్యూటీ’ అనే ఆల్బమ్ తెరిచాడు. వరసగా రోజుకొకటి. ప్రతి దాంట్లోనూ ‘పెద్ద’ అన్న మాట చుట్టూ ఎర్ర గీతతో సున్నా, ‘చిన్న’ అన్న మాట చుట్టూ నీలం గీతతో సున్నా. ఫోన్ పెన్నుతో చేత్తో గీసినవి. గేటు దగ్గర వెతుక్కోకుండా కంటికి తగలాలని. పక్కకి తోసుకుంటూ చివరిదాకా వచ్చాడు. చివరిదానికి సున్నాలు లేవు. పేర్లూ లేవు. కత్తిరించిన ముక్క ఒక్కటే.

అతని వేలు అక్కడ ఆగింది. ఇన్ని రోజులు ఒక్కటి కూడా కత్తిరించని మనిషి ఆ ఒక్క రోజు ఎందుకు కత్తిరించింది?

“ఇది మళ్లీ మొదట ఉన్నట్టు చెయ్యొచ్చు,” అన్నాడు. “కత్తిరిస్తే ఫోన్ పారెయ్యదు. అడుగున దాచుకుంటుంది. అయితే ఏం చేసినా ముందు ఇది ఎలా ఉందో అలా ఉంచాలి.” తన ఫోన్‌తో ఆ తెరని, తేదీ కనబడేలా ఆల్బమ్‌ని, లాక్‌స్క్రీన్‌ని ఫొటోలు తీసుకున్నాడు. ఆ ముక్కకి ఇంకో కాపీ చేసి పక్కన పెట్టాడు. అప్పుడు పెన్సిల్ గుర్తు నొక్కాడు. కింద ‘అసలు రూపం’ అని వచ్చింది. దాని మీద ఆ చెక్కవేలు కాక చిటికెన వేలు ఆనించాడు.

బొమ్మ పైకీ కిందకీ విచ్చుకుంది.

పైన గ్రూపు పేరు, ఉదయం బ్యాచ్. దాని కింద పంపినవాడి పేరు, ఈల. ఇంకా ఎవరెవరివో పనులు. వాటి తర్వాత:

పెద్ద:
మడతల బల్ల.
చిన్న:
మూడో డ్రయ్యర్ వెనక నూగు తియ్యాలి.
మిషన్ ఆపొద్దు. బస్తాలు వచ్చేలోపు అయిపోవాలి.

అట్టడుగున సన్నటి అంకెల్లో, రాత్రి దాన్ని పంపిన సమయం.

ఆ పిల్ల ఒకసారి చదివింది. వేలితో వరస పట్టుకుని, అక్షరాలు కొత్తగా నేర్చుకునేదానిలా మళ్లీ చదివింది.

“కాదు,” అంది. “నాది మడతల బల్ల. అక్క చెప్పింది. బస్సులో చెప్పింది. ‘నువ్వు హాయిగా కూర్చుని మడతలు పెట్టుకోవే మహారాణీ, వెధవ పని నాకు తగిలింది’ అని లాక్‌స్క్రీన్ చూపించింది. నేను నవ్వాను. ‘నీకలాగే కావాలి’ అన్నాను.” వేలు ఇంకా తెర మీదే ఉంది. “నీకలాగే కావాలి అన్నాను పిన్నిగారూ.”

భార్య వచ్చి స్టూలు వెనక నిలబడి ఆ పిల్ల భుజాలు రెండూ పట్టుకుంది.

“నూగులో దూరితే నాకు ఊపిరాడదు,” అంది పిల్ల. “ఈలకీ తెలుసు. తెలిసే వేశాడు, లేటుగా వచ్చానని ముందురోజు.” ఉన్నట్టుండి తలెత్తింది. “అంటే గ్రూపులో అందరూ చూశారు. నా పనికి అక్క వెళ్లిందని అందరికీ తెలుసు. నాకు తప్ప. అందుకేనా, మడతల బల్ల దగ్గర నేను వెళ్లి కూర్చుంటే ఒక్కొక్కరూ లేచిపోతున్నారు? నేనే పంపించాననుకుంటున్నారా?”

అతను బల్ల సొరుగు లాగి, పేరు చీటీ అంటించిన ఫోన్ ఒకటి తీశాడు. చుట్టూ క్లిప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

ఆ పిల్ల చూపు ఆ క్లిప్పుల మీద పడింది. “మాస్టారూ. అక్క పోయిన ముందురోజు సాయంత్రం నేనొచ్చాను. అయిందా అంటే రేపు రా అన్నారు. నిజంగా అవలేదా?”

“అయింది,” అన్నాడు. “అద్దం అతికించేశాను. వెలుగుతోంది కూడా. జిగురు ఆరాలని ఇవ్వలేదు.”

“ఇచ్చుంటే ఆ రాత్రి గ్రూపు నేనే చూసేదాన్ని.”

“చూసేదానివి.”

“చూసుంటే నేనే వెళ్లేదాన్ని.”

చివరి క్లిప్పు విప్పి డబ్బాలో వేశాడు. ఆ చిన్న చప్పుడు గదంతా వినబడింది. ఆరిన జిగురు మీద గోటితో అంచు తడిమి చూశాడు. ఎక్కడా లేవలేదు. ఎప్పుడైనా ఇలాంటి అంచు చూస్తే కడుపు నిండినట్టుండేది అతనికి. ఇవాళ చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

“ఒక్కటడుగుతాను,” అంది పిల్ల మెల్లగా. “నా పేరు ఒక్కటీ తీసెయ్యలేరా? మిగతాదంతా ఉంచి. ఈల పేరుంచి, టైమ్ ఉంచి. అమ్మ ఎదురుగా చదువుతారు రేపు. ఇంక నేనొక్కదాన్నే ఉన్నాను దానికి. నన్ను చూసినప్పుడల్లా...”

“తీయగలను. కాగితం మీదైతే, తీసినట్టు ఎవరికీ తెలియకుండా కూడా తీయగలను.” అతను ఫోన్లు రెండూ పక్కపక్కన పెట్టాడు. “కానీ అది రిపేరు కాదు. చూడు.”

ఆ పిల్ల ఫోన్ ఆన్ చేసి, లాక్ తీయించి, కొట్లోని ఇంటర్నెట్‌కి కలిపాడు. అన్నాళ్లుగా ఆగిపోయిన మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఫోన్ బల్ల మీద ఒణుకుతూ జరిగింది. కొన్ని అక్క పంపినవి. అవి తెరవకుండా గ్రూపులోకి వెళ్లి, ఆ తేదీ దాకా పైకి జరిపాడు. ఈల పేరు. దాని కింద ‘ఈ మెసేజ్‌ను తొలగించారు’ అన్న బూడిదరంగు మాటలు. పక్కన సమయం. అక్క స్క్రీన్‌షాట్‌లో ఉన్న సమయమే, నిమిషంతో సహా.

“ఈల చెరిపించింది అందరి ఫోన్లలో బొమ్మల్ని, గ్రూపు చాట్‌ని. నీ ఫోన్ ఈ సొరుగులో ఉంది కాబట్టి ఇది మిగిలింది. అక్క ఫోన్‌లో ఏం పెట్టాడో ఉంది. నీ ఫోన్‌లో ఆ నిమిషానికి ఒకటి పెట్టి తీసేశాడని ఉంది. రెండూ అతుక్కుంటాయి. అక్క ఫోన్ రేపు విచారణవాళ్ల చేతికివ్వాలి నువ్వు. వాళ్లూ నాలాగే ‘అసలు రూపం’ నొక్కుతారు. అప్పుడు నీ పేరు కనబడితే, అది తీసేసినవాళ్లు ఇంకేం తీశారో అంటారు. మొత్తం చెడుతుంది.”

ఆ పిల్ల వినీ విననట్టు కూర్చుంది.

“ఇదిగో, అక్క కత్తిరించింది అలాగే ఉంది. అది ఆవిడ పని, నేను ముట్టుకోలేదు. ఇది పూర్తిది. ఏది ప్రింటు తీయమంటావో చెప్పు. నువ్వు చెప్పేదాకా నేను తియ్యను.”

భార్య టీ తెచ్చి పెట్టింది. అది తొరక కట్టేదాకా ఎవరూ ముట్టలేదు. బయట వాన మొదలైంది. రిపేరుకిచ్చిన ఫోన్ కోసమొచ్చిన ఒకాయన గుమ్మంలోంచి, “మాస్టారూ, నాది రేపేనా, ఎల్లుండా?” అని నవ్వుతూ అరిచాడు. లోపలివాళ్ల మొహాలు చూసి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

“పూర్తిదే తియ్యండి,” అంది పిల్ల.

“ఇంకాసేపు ఆలోచించుకో తల్లీ,” అంది భార్య.

“ఏం ఆలోచించను పిన్నిగారూ? సగం ముక్క చూపిస్తే బుద్ధిలేక చెప్పినపని చేసి చచ్చింది అంటుంది అమ్మ. అది బుద్ధిలేక వెళ్లలేదు. అన్నీ చూసుకుని, కత్తిరించుకుని మరీ వెళ్లింది. అమ్మ దాన్ని తిట్టడం ఆగాలి. తిడితే నన్ను తిట్టనీ. నేనున్నానుగా, పడతాను.”

అతను పనిలో పడ్డాడు. అక్క స్క్రీన్‌షాట్‌ని, పెంచకుండా తగ్గించకుండా, అంచులతో సహా ఒక కాగితం మీదకి పంపాడు. చెల్లెలి ఫోన్‌లో తొలగించిన మెసేజ్ ఉన్న తెరని స్క్రీన్‌షాట్ తీసి దాని పక్కనే వచ్చేలా సర్దాడు. ఈల అన్న పేరు నొక్కి, లోపల నంబరు కనబడే తెర ఇంకోటి తీశాడు.

“ఈల అంటే ఎవరో వాళ్లకేం తెలుస్తుంది, అందుకని,” అన్నాడు.

“రేపు అక్కడ అధికారి కూడా ఈల, ఈల అనే చదవాలి పాపం,” అంది భార్య కాగితం సర్దుతూ. ఆ పిల్ల మూతి ఒక్క క్షణం వంకర తిరిగింది. నవ్వో ఏడుపో తనకే తెలియలేదు.

ప్రింట్లు వేడివేడిగా వచ్చాయి. భార్య ఒక్కో కాగితాన్నీ వెలుగుకి పట్టి, అక్షరం చెదిరిందేమో చూసి, ఒకదానికి సిరా పల్చగా ఉందని చింపి మళ్లీ తీసింది. మామూలుగా అలా చింపే మనిషి కాదు. తీసిన బొమ్మలన్నీ ఒక మెమరీ కార్డులోకి కూడా ఎక్కించి, కవర్లో పెట్టి, కవరు మీద ఏమీ రాయకుండా మూశాడు అతను. బల్ల తుడవడానికి భార్య గుడ్డ తీసింది. కాగితం మీది నూగు కుప్ప దగ్గరకొచ్చేసరికి అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ ఆ పక్కనుంచి తుడుచుకుంటూ పోయింది.

“ఇంకొక్క పని మాస్టారూ,” అంది పిల్ల. “పూర్తిది నా ఫోన్‌లోకి పంపి, లాక్‌స్క్రీన్ మీద పెట్టండి.”

“నీ ఫోన్ మీదా?”

“నాకు నోట్లోంచి రాదు. ఇంటికెళ్లగానే అమ్మ చేతికి ఫోనిస్తాను. పక్క బటన్ నొక్కమంటాను.”

అతను పెట్టాడు. పెట్టి బటన్ నొక్కి చూశాడు. గడియారం అంకెలు సరిగ్గా ‘చిన్న’ అన్న మాట మీదకి వచ్చి కూర్చున్నాయి. పేరు కనబడటం లేదు. అలాగే ఇచ్చెయ్యొచ్చు. ఆ పిల్లకి తప్పు పట్టడానికీ ఉండదు, ఫోన్ తీరే అంత అనొచ్చు. భార్య అతనికేసి చూసింది. ఆవిడకీ అదే తట్టిందని అతనికి తెలిసింది.

సెట్టింగుల్లోకి వెళ్లి అంకెలు చిన్నవి చేశాడు. చాల్లేదు. గడియారాన్ని పట్టుకుని తెర అడుగుకి లాగాడు. బొమ్మని రెండు వేళ్లతో కొంచెం కిందకి దించి, నాలుగంచులూ తెరలో పట్టేలా సర్దాడు. మళ్లీ నొక్కాడు. పైనుంచి కిందకి ఒక్కో వరసా స్పష్టంగా వచ్చింది. ఈల. పెద్ద. మడతల బల్ల. చిన్న. ఏదీ దేన్నీ కప్పట్లేదు. అడుగున ఖాళీలో గడియారం.

అద్దం మీద తన వేలిగుర్తులు మెత్తటి గుడ్డతో తుడిచాడు. పేరు చీటీ పీకేశాడు. రెండు ఫోన్లూ, కవరూ కలిపి, వానకి తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి మడిచాడు.

“ఇదిగోమ్మా,” అన్నాడు. “అయిపోయింది.”

ఆ పిల్ల సంచి అందుకుని, గుమ్మం దాకా వెళ్లి, పైకప్పు కిందే ఆగింది. సంచి మూతి విప్పి, తన ఫోన్ బయటికి తీసి, గేటు దగ్గర అందరూ చూసుకున్నట్టు పక్క బటన్ ఒకసారి నొక్కి చూసుకుంది. లోపల పెట్టి, మూతి మళ్లీ అలాగే మడిచి, సంచిని పొట్టకి హత్తుకుని వానలోకి దిగింది.